హోపియా పొరలు విచ్చుకోవాలంటే

ప్రశ్న: మా అబ్బాయి ఫిలిప్పీన్స్‌లోని దావావోలో మెడిసిన్ చదివి వచ్చాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి, విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షకు చదువుతున్నాడు. అక్కడ సాయంత్రం పూట హోపియా అనే తీపి తినేవాడట. లోపల పెసరపప్పు పూర్ణం, పైన పొరలు. ఫోన్ చేసినప్పుడల్లా దాని మాటే. వీడియోలు చూసి మా చిన్న ఓటీజీలో రెండు మూడుసార్లు చేశాను. పొరలు రాలేదు, గట్టి బిస్కెట్‌లా వచ్చింది. ఒకసారైతే పగిలి పూర్ణమంతా బయటికొచ్చింది, అడుగు మాడింది. వీడియోల్లో పంది కొవ్వు వేస్తున్నారు, మేం అది ముట్టం. అది లేకుండా కుదురుతుందా? మా ఓవెన్ చాలదా? చేసి బస్సులో పంపితే పాడవకుండా ఉంటాయా?
— ఒక తల్లి, ఖమ్మం

సమాధానం:

అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాటలు చెప్పేస్తాను. మీ ఓటీజీ చాలు. పంది కొవ్వు లేకుండా పొరలు వస్తాయి. బస్సులో నిక్షేపంగా పంపొచ్చు. మీకు తేడా వచ్చింది ఓవెన్‌లో కాదు, అంతకుముందే పీట మీద. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే కొవ్వు ఉండాల్సినంత గట్టిగా లేదు, పూర్ణం ఉండాల్సినంత పొడిగా లేదు. బిస్కెట్‌లా బిగుసుకుపోవడం మొదటిదాని వల్ల, పగలడం రెండోదాని వల్ల. అడుగు మాడడం ఒక్కటే ఓవెన్ సంగతి, అది కింద చెబుతాను. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతాది మీకు కొత్త పనేం కాదు. బొబ్బట్లు చేసే చేతికి పూర్ణం పెట్టి మూయడం ఒకరు నేర్పక్కర్లేదు.

పని మొదలుపెట్టే ముందు మాత్రం అబ్బాయిని ఒక్క మాట అడగండి. తను తిన్నది ఏ హోపియా అని. ఫిలిప్పీన్స్‌లో ఆ పేరుతో చాలా రకాలున్నాయి. పెసరపప్పు పెట్టి, పైన పొరలు పొరలుగా రాలేది హోపియాంగ్ ముంగో. మీరు రాసింది దీని గురించే అనుకుంటున్నాను. హోపియాంగ్ హపోన్ అని జపాన్ పద్ధతిలో చేసేది ఇంకొకటి ఉంది. దాని పైభాగం కేక్‌కీ బిస్కెట్‌కీ మధ్యలో మెత్తగా ఉంటుంది, పొరలుండవు, లోపల ఎక్కువగా అజుకి అనే ఎర్ర చిక్కుళ్ల ముద్ద పెడతారు. చిన్న చిన్న చతురస్రాలుగా చేసి ఆరు వైపులా కాల్చే రకం కూడా ఉంది. హోపియాంగ్ బాబోయ్ అనేదాంట్లో పంది కొవ్వు, తీపి పాకం పట్టిన బూడిద గుమ్మడి, ఉల్లికాడలు కలిపి పెడతారు. మీ అబ్బాయి “తింటుంటే చొక్కా నిండా పొట్టు రాలేది” అంటే ముంగోనే. కింద చెప్పేదంతా దాని గురించే. “మెత్తగా ఉండేది, రాలేది కాదు” అంటే మాత్రం ఈ పొరల పని మొత్తం మానేయండి, అది వేరే పిండి.

ఇక పంది కొవ్వు సంగతి. హోపియాను ఫిలిప్పీన్స్‌కు తెచ్చింది చైనాలోని ఫుజియన్ నుంచి వలస వచ్చినవాళ్లు. మనీలాలో పాసిగ్ నది ఒడ్డున బినోండో అనే పేట ఉంది. 1594లో స్పెయిన్ వాళ్లు చైనా వలసదారుల కోసం ఏర్పాటు చేసిన పేట అది. ప్రపంచంలో అన్నిటికన్నా పాత చైనాటౌన్ అదేనంటారు. ఇప్పటికీ అక్కడి ఓంగ్‌పిన్ వీధిలో హోపియా దుకాణాలు కిటకిటలాడుతుంటాయి. ఆ వలసదారుల వంటింట్లో దొరికే గట్టి కొవ్వు పంది కొవ్వే కాబట్టి దాంతో చేశారు. పొర రావడానికి పంది అక్కర్లేదు, గది వేడికి కరిగి కారిపోని కొవ్వు కావాలి, అంతే. ఈమధ్య చాలామంది షార్టెనింగ్ అనే బేకరీ వాడకపు గట్టి కొవ్వుతోనో, వట్టి నూనెతోనో చేసుకుంటున్నారు కూడా.

అలా మార్చితే అది అసలు హోపియా కాదేమో అని మీకు అనిపించొచ్చు. ఆ బెంగ పెట్టుకోకండి. ఇవాళ మనీలా వెళ్లినవాళ్లు ఎగబడి కొనే ఊదా రంగు హోపియా పాత కాలం నాటిది కాదు. 1912 నుంచి నడుస్తున్న ఎంగ్ బీ టిన్ అనే దుకాణం వ్యాపారం దెబ్బతిన్న రోజుల్లో, 1980ల్లో, ఆ కుటుంబానికి చెందిన జెరీ చువా ఉబే దుంప పూర్ణంతో దాన్ని చేయడం మొదలుపెట్టాడు. ఐస్‌క్రీముల్లో ఉబే రుచిది బాగా అమ్ముడుపోతోందని గమనించి, అదే రుచిని హోపియాలో పెట్టాడు. ఉబే మరేదో కాదు, మన పెండలం జాతి దుంపే, రంగే ఊదా. అక్కడి వాళ్లే పూర్ణం మార్చుకున్నారు. మీరు కొవ్వు మార్చుకుంటే తప్పేముంది?

సరే, ఏ కొవ్వు? మనకు ముందుగా గుర్తొచ్చేది నెయ్యి. నెయ్యితో పొరలు బాగానే వస్తాయి, కానీ రెండు చిక్కులున్నాయి. ఖమ్మం ఎండల్లో నెయ్యి పేరుకోదు. కరిగిన నెయ్యి పోస్తే పిండి దాన్ని పీల్చేసుకుంటుంది, ఇక పొరకూ పొరకూ మధ్య అడ్డు మిగలదు. మీకు బిస్కెట్‌లా వచ్చిందంటే కరిగిన నెయ్యో, నూనో ఎక్కువ పోసి ఉంటారనే నా అనుమానం. రెండో చిక్కు వాసన. నేతి వాసన పెసరపప్పు వాసనను మింగేస్తుంది. అప్పుడు మీ అబ్బాయికి దావావో కాదు, మీ ఇంటి పండగ గుర్తొస్తుంది. అదీ మంచిదే, కానీ తను అడిగింది అది కాదు కదా.

నా సలహా వనస్పతి, లేదా బేకరీ సామాన్ల దుకాణంలో దొరికే షార్టెనింగ్. వనస్పతి అనగానే ట్రాన్స్ ఫ్యాట్ భయం ఉంటుంది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన పెట్టింది. ప్యాకెట్ మీద ఆ అంకె రాసి ఉంటుంది, చూసి కొనండి. రోజూ తినేది కాదు, ఎప్పుడో ఒకసారి చేసేది. అస్సలు వద్దనుకుంటే పేరిన నెయ్యి వాడండి, ఫ్రిజ్‌లో పావుగంట పెట్టి పూసలు కట్టాకే పిండిలో వేయండి. వెన్న మాత్రం కొవ్వు ముద్దలోకి వద్దు. వెన్నలో నీళ్లుంటాయి, పొరల మధ్య తడి చేరి అతుక్కుంటాయి. వట్టి నూనెతోనూ చేయొచ్చు, పొరలు తక్కువ, గుల్లతనం ఎక్కువ. మొదటిసారికి నూనె జోలికి వెళ్లొద్దు.

మీ కాజాల సంగతి గుర్తు తెచ్చుకోండి. మడత కాజాకు చపాతీ మీద నెయ్యీ బియ్యప్పిండీ కలిపిన ముద్ద పూసి, చుట్టి, కోస్తాం కదా. హోపియాలో జరిగేదీ అదే. నీళ్లతో కలిపిన ముద్ద సాగుతుంది. కొవ్వుతో కలిపిన ముద్ద సాగదు, కానీ సాగే పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా అడ్డుంటుంది. ఓవెన్ వేడికి లోపలి నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. మీరు చేయాల్సిందల్లా ఆ రెండు ముద్దల్నీ ఓవెన్‌లోకి వెళ్లేదాకా కలిసిపోకుండా కాపాడడం.

కొలతలు చెబుతాను. ఇరవై హోపియాలు వస్తాయి. వీలైతే గ్రాముల కాటా మీదే తూచండి, కప్పుల లెక్కతో ఈ పిండి కాస్త మొండికేస్తుంది. నీళ్ల ముద్దకు మైదా 220 గ్రాములు, వనస్పతి 70 గ్రాములు, పంచదార పొడి 20 గ్రాములు, చిటికెడు ఉప్పు, నీళ్లు 95 మిల్లీలీటర్ల దాకా. కొవ్వు ముద్దకు మైదా 140 గ్రాములు, వనస్పతి 70 గ్రాములు. పూర్ణానికి చాయ పెసరపప్పు 200 గ్రాములు, పంచదార 130 గ్రాములు, వాసన లేని నూనె మూడు టేబుల్ స్పూన్లు, పావు టీ స్పూను ఉప్పు. గోధుమపిండి వద్దు. బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ ఏవీ వద్దు. పొర లేవడానికి వాటితో పని లేదు.

పూర్ణం ముందురోజే చేసి పెట్టుకోండి. పగిలిన సంగతికి మందు ఇక్కడే ఉంది. పప్పును రెండు మూడు గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, కుక్కర్‌లో కాకుండా ఇడ్లీ పాత్రలో పల్చటి గుడ్డ పరిచి ఆవిరి మీద ఉడికించండి. పాతిక ముప్పై నిమిషాలు పడుతుంది. పప్పు పలుకు వేళ్ల మధ్య నలిపితే పిండైపోవాలి. కుక్కర్‌లో నీళ్లు పోసి ఉడికిస్తే ఆ నీళ్లన్నీ మళ్లీ బాణలిలో ఇగరబెట్టాలి, అందరం ఓపిక లేక మధ్యలోనే దించేస్తాం. ఆవిరి మీద ఉడికిన పప్పు పొడిపొడిగా ఉంటుంది, సగం పని అక్కడే అయిపోతుంది. వేడి మీదే పప్పుగుత్తితో మెదిపి జల్లెడలోంచి రుద్దండి, లేదా మిక్సీలో ఒక్క చుక్క నీరు వేయకుండా తిప్పండి.

అడుగు మందం బాణలిలో నూనె వేసి, ఈ ముద్ద వేసి, పంచదార, ఉప్పు కలపండి. పంచదార కరగగానే అంతా జారుగా అయిపోతుంది, కంగారు పడకండి. సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉండండి. పావుగంట, ఇరవై నిమిషాలు పట్టొచ్చు. మొదట్లో గరిటె లాగిన దారి వెంటనే మూసుకుపోతుంది. తర్వాత మెల్లగా మూసుకుంటుంది. చివరికి దారి అలాగే నిలబడి, బాణలి అడుగు కనిపిస్తూ, ముద్దంతా గరిటెతో పాటు తిరుగుతుంది. అప్పుడు దించండి. బొబ్బట్ల పూర్ణానికి మీరు దించే పాకం కన్నా ఇది ఇంకొంచెం గట్టిగానే ఉండాలి. బొబ్బట్టును పెనం మీద రెండు నిమిషాల్లో తీసేస్తాం, హోపియా ఓవెన్‌లో పాతిక నిమిషాలు ఉంటుంది. ఆ పాతిక నిమిషాల్లో పూర్ణంలోని తడి ఆవిరై దారి వెతుక్కుంటుంది, దొరక్కపోతే చీల్చుకుని వస్తుంది. చల్లారాక చిన్న ఉండ చేసి చూడండి. అరచేతికి అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు, మళ్లీ బాణలికి ఎక్కించండి. ఉండ అంచులు పగుళ్లిస్తే మరీ ఎండినట్టు, చెంచాడు నూనె కలపండి. ఇరవై ఉండలు, ఒక్కొక్కటి 25 గ్రాములు, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేయండి.

ఇక్కడ మన చేయి రెండు పనులకు పోతుంది, రెండూ ఆపుకోవాలి. ఒకటి, పెసరపప్పును దోరగా వేయించడం. రెండోది, యాలకుల పొడి వేయడం. యాలకులు పడ్డాయంటే అది హోపియా కాదు, ఓవెన్‌లో కాలిన బొబ్బట్టే. మొదటిసారి ఉట్టి పప్పు, పంచదార, ఉప్పుతోనే చేయండి. ఆ ఉప్పు కూడా మానొద్దు, తీపిని వెగటు కాకుండా ఆపేది అదే. బెల్లం కూడా ఇందులో వద్దు, చెమ్మ పీల్చి పూర్ణాన్ని జిగురు చేస్తుంది.

మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే పిండి పని పెట్టుకోండి. నీళ్ల ముద్దకు మైదాలో పంచదార పొడి, ఉప్పు, వనస్పతి వేసి వేళ్లతో రవ్వలా నలిపి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. దీన్ని బాగా పిసకాలి. ఎనిమిది, పది నిమిషాలు పిసికితే పైన నున్నగా అవుతుంది. చిన్న ముక్క తీసి రెండు చేతులతో సాగదీస్తే టక్కున తెగకుండా పల్చగా సాగాలి. తడి గుడ్డ కప్పి అరగంట వదిలేయండి. కొవ్వు ముద్దను మాత్రం పిసక్కూడదు. మైదా, వనస్పతి కలిపి అరచేత్తో పీట మీద నెట్టినట్టు రుద్దితే ఒక్క ముద్ద అవుతుంది, చాలు.

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఇప్పుడు చెబుతాను. రెండు ముద్దల్నీ పక్కపక్కన పెట్టి ఒక్కో దానిలో వేలు గుచ్చండి. రెండింటిలోనూ వేలు ఒకే తీరుగా దిగాలి. కొవ్వు ముద్ద గట్టిగా ఉంటే, వత్తేటప్పుడు ముక్కలై నీళ్ల ముద్దను చీలుస్తుంది. మరీ మెత్తగా ఉంటే పక్కల నుంచి కారిపోతుంది, లేదా పిండిలోకి ఇంకిపోతుంది. కొవ్వు ముద్ద మెత్తబడితే ఫ్రిజ్‌లో పది నిమిషాలు, గట్టిపడితే బయట పది నిమిషాలు. ఈ వేలి పరీక్షను ఒక్కసారి చేసి ఊరుకోకండి. పని మధ్యలో చేతి వేడికి, వంటింటి వేడికి ముద్ద మారిపోతూ ఉంటుంది. చేతికి జిడ్డు తగులుతోందంటే ఆపేసి అన్నిటినీ పళ్లెంతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, పావుగంట తర్వాత మళ్లీ మొదలుపెట్టండి. తొందరపడితే ఇక్కడే పడతారు. ఇక్కడ పోయిన పొరను ఓవెన్ తిరిగి తేలేదు.

రెండు ముద్దల్నీ ఇరవై భాగాలు చేయండి. నీళ్ల ముద్ద ఒక్కోటి సుమారు 20 గ్రాములు, కొవ్వు ముద్ద 10 గ్రాములు వస్తాయి. నీళ్ల ముద్దను చిన్న పూరీలా వత్తి, మధ్యలో కొవ్వు ఉండ పెట్టి, పూర్ణం మూసినట్టు మూసేయండి. పది నిమిషాలు ఆగండి. తర్వాత ఒక్కోదాన్ని అప్పడాల కర్రతో పొడవుగా, నాలుకలా వత్తండి. కర్రను మధ్య నుంచి పైకి ఒకసారి, మధ్య నుంచి కిందికి ఒకసారి నడపండి. అటూ ఇటూ గట్టిగా రుద్దొద్దు. చాపలా చుట్టేయండి. అన్నీ అయ్యేసరికి మొదటిది పావుగంట సేద తీరి ఉంటుంది. ఇప్పుడు దాన్ని అడ్డం తిప్పి, చుట్ట పొడవు వెంబడి మళ్లీ సన్నగా, పొడుగ్గా వత్తి, మళ్లీ చుట్టండి. మళ్లీ గుడ్డ కప్పి పావుగంట. ఈ పావుగంటల్ని ఎగ్గొట్టొద్దు. సేద తీరని పిండి వత్తుతుంటే వెనక్కి లాక్కుంటుంది, బలం పెడితే పొర చిరుగుతుంది. వీడియోల్లో ఈ విరామాలన్నీ కత్తిరించేసి చూపిస్తారు కాబట్టి చూసేవాళ్లకు వాటి విలువ తెలియదు.

వీడియోల్లో కొందరు మొత్తం పిండిని ఒక్కటే పెద్ద చపాతీ చేసి, చుట్టి, కత్తితో కోసేస్తారు. అది తొందరగా అయిపోతుంది, నిజమే. కానీ కోసిన చోట్ల పొరలు సమానంగా రావు, కొత్తవాళ్లకు కొవ్వు ఒక పక్కకు పోగవుతుంది. విడివిడిగా చేయడం ఓపిక పనే. మొదటి ఒకటి రెండుసార్లు అలాగే చేయండి.

మూయడం మీకు వచ్చిన విద్యే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. చుట్టను మధ్యలో బొటనవేలితో నొక్కి రెండు కొసల్నీ దగ్గరికి తెచ్చి, గుండ్రంగా వత్తండి. అంచులు పల్చగా, మధ్యభాగం కాస్త మందంగా ఉండాలి. చల్లటి పూర్ణం ఉండ పెట్టి అంచులు పైకి లాగి నొక్కేయండి. అంచుకు పూర్ణం గానీ నూనె గానీ అంటితే ఎంత నొక్కినా అతుక్కోదు, అందుకే వేళ్లు తుడుచుకుంటూ చేయండి. అతుకు కిందికి పెట్టి, అరచేత్తో మెల్లగా నొక్కితే ఆరు సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందం వస్తుంది. ఒక్కోదానికి టూత్‌పిక్‌తో పైన చిన్న చిల్లు పెట్టండి, ఆవిరికి దారి.

మీ ఓటీజీని 180 డిగ్రీల మీద, పైరాడ్, కిందిరాడ్ రెండూ వేసి పావుగంట ముందే వేడి చేయండి. చిన్న ఓవెన్లలో కిందిరాడ్ ట్రేకు బాగా దగ్గరగా ఉంటుంది, అడుగు మాడేది అందుకే. మధ్య అరలో పెట్టండి, ట్రే కింద ఇంకో ట్రే వేసి రెండూ కలిపి పెట్టండి. మాడు ఆగిపోతుంది. ఒక్కో విడతకు ఎనిమిదో తొమ్మిదో పెట్టి, మధ్యలో జాగా వదలండి. మిగిలినవి ఫ్రిజ్‌లో ఆగుతాయి. పన్నెండు నిమిషాలయ్యాక ఒక్కొక్కటీ తిరగేయండి. హోపియాకు రెండు వైపులా చదునుగా, గోధుమరంగు మచ్చలతో ఉండే రూపం ఇలా తిరగేస్తేనే వస్తుంది. ఎనిమిది నిమిషాల తర్వాత మళ్లీ తిప్పి, పైన గుడ్డు పచ్చసొనలో చెంచాడు పాలు కలిపి పూసి ఇంకో ఐదు నిమిషాలు. గుడ్డు వద్దనుకుంటే పాలు పూయండి, మెరుపు తగ్గుతుంది, రుచికి లోటుండదు.

కాలిందో లేదో పైరంగు చూసి నిర్ణయించొద్దు, నడుము చూడండి. పక్కల పచ్చిగా, తడిగా, పాలిపోయి ఉంటే కాలనట్టే. అక్కడ సన్నని గీతలు విడివడి, పొడిబారి కనిపించాలి. అనుమానముంటే ఒకటి విరిచి చూడండి. పూర్ణం పక్కన తెల్లగా మైనంలాంటి పొర కనిపిస్తే ఇంకో మూడు నిమిషాలు ఉంచండి. తీసిన వెంటనే రుచి చూసి నిరాశపడొద్దు, వేడి మీద పైభాగం మెత్తగానే ఉంటుంది. జాలీ మీద పూర్తిగా చల్లారాకే పొరలు కరకరలాడతాయి.

ఓవెన్ లేనివాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. మందపాటి పెనం మీద, బాగా సన్నని సెగన, మూత పెట్టి, తిప్పుతూ అరగంట కాల్చినా తినేట్టుగా వస్తుంది. నడుము కాలడానికి చివర్లో నిలబెట్టి దొర్లించాలి. అసలు పెనం మీదే చేసే తీపి కావాలంటే ఫిలిప్పీన్స్‌లోనే నెగ్రోస్ ద్వీపంలో పియాయా అని ఒకటుంది. చెరకు పండే సీమ అది, లోపల శుద్ధి చేయని ముదురు చక్కెర పెట్టి, పల్చగా వత్తి, నువ్వులు అద్ది పెనం మీద కాలుస్తారు. పిండి మిగిలితే బెల్లం పొడిలో కాస్త మైదా కలిపి లోపల పెట్టి చేసి చూడండి. బెల్లానికి చోటు ఇక్కడుంది.

ముంగో చేయి తిరిగాక రుచులు మార్చుకోవచ్చు. పాకం పట్టిన బూడిద గుమ్మడి అని పైన అన్నాను కదా, అది మన మిఠాయి దుకాణాల్లో దొరికే పేఠానే. సన్నగా తరిగి, వేయించిన నువ్వులు, ఉల్లికాడలు, రెండు చెంచాల వేయించిన మైదా, కాస్త వనస్పతి కలిపితే హోపియాంగ్ బాబోయ్‌కి దగ్గరగా వచ్చే శాకాహార పూర్ణం అవుతుంది. తీపిలో ఉల్లికాడ ఏమిటని అనుకోవద్దు, చాలా బాగుంటుంది.

ఇక పంపడం. చల్లారకుండా డబ్బాలో పెట్టారంటే పడ్డ కష్టమంతా చెమ్మ పాలవుతుంది. రెండు మూడు గంటలు ఆరనిచ్చి, స్టీలు డబ్బాలో అడుగున టిష్యూ కాగితం వేసి, వరసకూ వరసకూ మధ్య బటర్ పేపర్ పెట్టి సర్దండి. కదలకుండా పైన ఖాళీని కాగితంతో నింపండి, లేకపోతే బస్సు కుదుపులకు పొరలన్నీ పొడి అవుతాయి. ఖమ్మం నుంచి హైదరాబాద్ నాలుగైదు గంటల ప్రయాణం, ఏ ఇబ్బందీ లేదు. బయట మూడు రోజులుంటాయి, మంచి ఎండాకాలమైతే రెండు రోజులే అనుకోండి. హాస్టల్లో ఫ్రిజ్ ఉంటే వారం. ఫ్రిజ్‌లోంచి తీసినవాటిని మైక్రోవేవ్‌లో పెట్టొద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి, పొరలు తోలులా సాగుతాయి. పెనం మీద నూనె లేకుండా, సన్నని సెగన, ఒక్కో వైపు రెండు నిమిషాలు వేడి చేసి, కాస్త ఆరనిచ్చి తింటే మళ్లీ కరకరలాడతాయి. పది కాల్చి పంపి, మిగతా పదీ కాల్చకుండా డీప్ ఫ్రీజర్‌లో దాచుకోండి. నెల వరకూ ఉంటాయి. అవి అయిపోయాయని ఫోన్ రాగానే బయటికి తీసి, గంట ఆగి కాల్చేయొచ్చు.